మా ఆవిడ పడిన సంగతి

3, సోమవారం

మా ఆవిడ మళ్ళీ పడింది. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. అయినా పడింది.

సాయంత్రం వాళ్ళ చెల్లెలింటికి బయలుదేరాం. రోజూ వెళ్ళేదే. మూలమలుపు దగ్గర ఫుట్‌పాత్ దిగుతుంటే ఉన్నట్టుండి పక్కకి ఒరిగింది. ఎక్కడ చూసుకుని నడుస్తుందో ఏమో. ఆపబోయి నేనూ కూలబడ్డాను. నా మోకాలు గీరుకుపోయి ప్యాంటు చిరిగింది. ఆవిడ ఎడమ చేతి మీద పడింది. మణికట్టు ఎముక బీటవారిందట, పిండికట్టు వేశారు. ఇంతకు ముందు కూడా పడింది, ఒకసారి బస్టాపులో, ఒకసారి మందుల షాపు ముందు. అప్పుడు దెబ్బలేమీ తగల్లేదు కాబట్టి ఇంట్లో చెప్పలేదు.

అమ్మాయి ఆఫీసునుంచి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. వస్తూనే వాళ్ళమ్మని వదిలేసి నన్ను పట్టుకుంది. "నాన్నా, నువ్వు పక్కనే ఉన్నావు కదా, ఎలా పడింది?"

ఒళ్ళు మండిపోయింది. నేనేమైనా తోశానా? ఉద్యోగం చేసినన్నాళ్ళూ కదిలే బస్సులో ఏ కమ్మీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టినవాణ్ణి. డ్రైవర్ సడన్ బ్రేకు వేస్తే బస్సంతా ముందుకు తూలేది, కండక్టరు మాత్రం ఉన్నచోటే ఉండేవాడు. అలాంటివాడి పక్కన నడుస్తూ పడిందంటే ఎవరి తప్పు?

డ్యూటీ డాక్టరు అడిగితే మా ఆవిడే చెప్పింది, "కళ్ళు తిరిగాయండీ" అని.

అదీ సంగతి. ముందే నాకో మాట చెప్పొచ్చు కదా. చెప్పదు.

4, మంగళవారం

అమ్మాయి హుకుం జారీ చేసింది. కళ్ళెందుకు తిరుగుతున్నాయో తేలేదాకా అమ్మ గడప దాటడానికి వీల్లేదు. అల్లుడు కూడా తలూపాడు. వాడెప్పుడూ ఊపుతాడు.

మా మరదలు ఫోన్ చేసింది. మరదలికి చూపు పోయింది. పోయాక ఇదే వీధి చివరికి ఇల్లు మారారు. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం మేమిద్దరం కలిసి వెళ్తాం. మా ఆవిడ పేపరంతా చదివి వినిపిస్తుంది, పెళ్ళిసంబంధాల ప్రకటనలతో సహా. ఇద్దరూ వాటి మీద జోకులేసుకుని పడీపడీ నవ్వుతారు. నేను ఓ మూల కుర్చీలో కునుకు తీస్తాను.

"బావా, అక్క ఎప్పుడొస్తుంది?" అంది.

"తగ్గాక వస్తుందిలే."

"అందాకా నువ్వొచ్చి చదవొచ్చు కదా? ఇక్కడ పేపరు చదివే దిక్కు లేదు. మా ఆయనకి ఆటల పేజీ తప్ప ఇంకోటి కనపడదు."

వస్తానన్నాను.

6, గురువారం

ఇంటిని ఆసుపత్రి చేసేశారు. బాత్‌రూంలో గోడకి స్టీలు రాడ్లు బిగించారు. నేల మీద పరిచిన పట్టాలన్నీ చుట్టి అటక మీద పడేశారు. ఆవిడకి జారని చెప్పులట, రబ్బరువి, చూస్తే నవ్వొస్తోంది. నడవాలో ఓ చిన్న లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

"ఇన్ని ఎందుకే?" అంటే, "అమ్మ కోసం నాన్నా" అంది అమ్మాయి.

నాకేం? పెట్టుకోండి. రాడ్డు మాత్రం బాగా గట్టిగా బిగించాడు. కమోడ్ మీంచి లేచేటప్పుడు పట్టుకు చూశాను. కదల్లేదు.

8, శనివారం

మరదలింటికి వెళ్ళలేదు. ఆ దారంతా తవ్వి పడేశారు.

9, ఆదివారం

తేనె సీసా మూత రాలేదు. ఈ మధ్య సీసాలు మరీ బిగించి పంపుతున్నారు. మా ఆవిడ కట్టులేని చేత్తో, సీసా ఒళ్ళో పెట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. నేను అంతకు ముందే వదులు చేసి పెట్టాను కాబట్టి వచ్చింది.

సోఫా దిగబడిపోయింది. కూర్చుంటే లేవనివ్వదు. మార్చమంటే అల్లుడు, "మొన్నేగా కొన్నాం మామయ్యా" అంటాడు. కొన్నంత మాత్రాన మంచిదైపోతుందా?

10, సోమవారం

మా మామూలు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆవిడ చెప్పింది, నేను వంత పాడాను. పడిన ప్రతిసారీ కళ్ళు తిరిగాయట. ఇంట్లో ఉంటే తిరగవట, రోడ్డు మీదే తిరుగుతాయట. డాక్టరు కళ్ళజోడు తీసి ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ పెట్టుకుని మాత్రలు రాశాడు. తగ్గకపోతే వృద్ధుల విభాగానికి వెళ్ళమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు దాటుతుంటే సగంలోనే ఎర్ర లైటు పడింది. సిగ్నల్ టైం తగ్గించేసినట్టున్నారు వెధవలు. మనుషులు దాటాలా వద్దా? అమ్మాయి ఒక చేత్తో వాళ్ళమ్మని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని ఈడ్చుకెళ్ళింది. కార్లవాళ్ళు హారన్లు.

13, గురువారం

మాత్రలు మొదలుపెట్టాక మా ఆవిడ మంచానికి అతుక్కుపోయింది. పొద్దున టిఫిన్ తిని పడుకుంటే మధ్యాహ్నం లేపాలి. లేపితే "ఊఁ" అని మళ్ళీ కళ్ళు మూస్తుంది. చెల్లెలు ఫోన్ చేస్తే మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయింది. ఫోను గుండెల మీద ఉంది, అందులోంచి మరదలు "అక్కా, అక్కా" అంటోంది. నేను తీసి మాట్లాడాను.

"ఏమైంది బావా దానికి?"

"ఏం కాలేదు. మందుల మత్తు."

"కళ్ళు తిరగడం ఏంటి దానికి? రంగులరాట్నం ఎక్కినా తిరగని కళ్ళు!"

వయసు కదా అన్నాను.

"మరి నువ్వెప్పుడొస్తున్నావు?"

రోడ్డు తవ్వారని చెప్పాను. ఎప్పుడో పూడ్చేశారంది. చూపు లేని మనిషికి ఎవరు చెప్తారో ఇవన్నీ.

15, శనివారం

బెల్టు వదులైపోయింది. తోలు సాగినట్టుంది. మేకుతో ఇంకో కన్నం పొడుచుకున్నాను. పొడవడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

18, మంగళవారం

ఆవిణ్ణి పడుకోబెట్టి వచ్చి రాస్తున్నాను.

బాత్‌రూంలో దబ్‌మన్న చప్పుడు. పరుగెత్తుదామంటే సోఫా లేవనివ్వదు. నేను వెళ్ళేసరికి మా ఆవిడ రాడ్డుకి వేలాడుతోంది, రబ్బరు చెప్పులు ఒకటటు ఒకటిటు. బకెట్టు దొర్లింది, అంతే. ఆవిడ పడలేదు. కానీ కళ్ళు ఎటో చూస్తున్నాయి. నిజంగా తూలుతోంది.

మంచం దాకా ఎలా తెచ్చానో నాకే తెలియదు. నేను తెచ్చానా, ఆవిడ వచ్చిందా. కూర్చోబెట్టగానే పట్టరాని కోపం వచ్చింది.

"కళ్ళు తిరుగుతున్నాయని నీకెవరు చెప్పమన్నారు? నువ్వు అనబట్టే కదా ఈ దిక్కుమాలిన మాత్రలు!"

ఆవిడ తల వాల్చి కూర్చుంది. నాలుక తడబడుతుండగా అంది, "మరేం చెప్పమంటారు? మీరు పడుతూ నన్ను లాగారని చెప్పనా?"

"ఏంటీ?"

"ఏం లేదు. పడుకోనివ్వండి."

పడుకుంది. వెంటనే గురక.

మత్తులో ఏదో వాగింది. మాత్రలు ఎంత పని చేస్తాయో! నేను లాగడమేమిటి? పట్టుకున్నవాడు లాగుతాడా?

19, బుధవారం

రాయడానికేమీ లేదు.

20, గురువారం

ఏమీ లేదు.

21, శుక్రవారం

ఆవిడ నిద్రపోతోంది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులో. మరదలింటికి వెళ్ళి పేపరు చదివి వద్దామని ఒక్కణ్ణే బయలుదేరాను. ఎవరికీ చెప్పలేదు.

మెట్లు దిగడం బాగానే జరిగింది, కమ్మీ ఉంది. ఫుట్‌పాత్ మీద గోడవారగా నడిచాను. గోడని తాకాల్సిన అవసరం లేదు, కానీ తాకుతూ నడిచాను. మూలమలుపు దాకా వెళ్ళాను. దారి చక్కగా ఉంది. తారు కూడా వేశారు.

అక్కడ ఫుట్‌పాత్ దిగాలి. ఎత్తేం లేదు, జానెడు కూడా ఉండదు. కుడికాలు ముందుకు చాపాను. ఎడంకాలు నన్ను మోయనంది. కాలు వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఎడంకాలు చాపాను. అదే వ్యవహారం. నా కుడిచెయ్యి దానంతటదే పక్కకి వెళ్ళింది, ఆవిడ ఉండే వైపు. అక్కడెవరూ లేరు. ఖాళీ చెయ్యి గాల్లో అలా ఆడిస్తూ నిలబడ్డాను.

కూరగాయల సంచితో వెళ్తున్న ఒకావిడ ఆగి, "దాటిస్తానుండండి" అంటూ చెయ్యి చాపింది.

"అక్కర్లేదమ్మా, ఒకాయన కోసం చూస్తున్నాను" అన్నాను.

ఆవిడ వెళ్ళేదాకా ఆగి వెనక్కి వచ్చేశాను. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది.

బస్టాపులో కూడా ముందు తూలింది నేనే. మందుల షాపు దగ్గరా అంతే. ఆవిడ ఎప్పుడూ నా తరవాతే పడింది. ఛీ.

22, శనివారం

నేను చెప్పాలా?

చెప్తే ఏమవుతుందో తెలుసు. ఆ రబ్బరు చెప్పులు నాకు తొడుగుతారు. అమ్మాయి నా చెప్పులు అటకెక్కిస్తుంది. అల్లుడు తలూపుతాడు. వీధిలో ఎవరైనా "ఏం కండక్టరు గారూ, ఎలా ఉన్నారు?" అంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మాత్రలు ఆపేస్తే సరిపోతుంది కదా. అమ్మాయితో మాత్రలు ఆపెయ్యమన్నాను. "డాక్టరు ఇచ్చినవి నీ ఇష్టమొచ్చినట్టు ఆపేస్తామా నాన్నా? మళ్ళీ కళ్ళు తిరిగి తలకి దెబ్బ తగిలితే?" అంది. సోమవారం వృద్ధుల విభాగానికి తీసుకెళ్తుందట. వాళ్ళే కనిపెడతారు. చదువుకున్నవాళ్ళు కదా.

24, సోమవారం

వాళ్ళేం కనిపెట్టలేదు. వాళ్ళకి మేం కనిపెట్టే దారి ఉంచితే కదా.

పెద్ద గది, మధ్యలో చేతుల్లేని కుర్చీ, ఎదురుగా కొంత దూరంలో నేల మీద పసుపు టేపు. వ్యాయామాలు చేయించే ఓ పిల్ల, మెడలో స్టాప్‌వాచీ. మా ఆవిడ ఆ కుర్చీలోంచి లేచి, టేపు దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఇంతోటి పరీక్షకి స్టాప్‌వాచీ ఒకటి! అదేమంటే, వయసు లెక్క కాదట, ఒంట్లో సత్తువెంతో చూడాలట.

మా ఆవిడ లేచింది. తూలింది. స్టాప్‌వాచీ పిల్ల నడుం పట్టుకుంది. టేపు దగ్గర తిరగబోయి, ఎటు తిరగాలో తెలియనట్టు నిలబడిపోయింది. నా పెళ్ళాం, మా డిపో వార్షికోత్సవంలో కుర్చీలాటలో మా ఆఫీసరు భార్యని తోసేసి మరీ గెలిచిన మనిషి. చూళ్ళేకపోయాను.

డాక్టరు మాత్రల చీటీ చూసి మొహం చిట్లించాడు. "ఇవి బాగా మత్తిస్తాయి. పెద్దవాళ్ళకి వీటివల్లే కాళ్ళు తేలిపోతాయి. ఆపేద్దామంటే ఇవి మొదలుపెట్టకముందే మూడుసార్లు పడ్డారంటున్నారు. నిజంగా కళ్ళు తిరిగే పడ్డారామ్మా?"

"అవునండీ" అంది మా ఆవిడ, సగం కళ్ళు మూసుకుని.

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"అయితే గుండే, మెదడూ అన్నీ చూడాలి. కారణం తేలేదాకా నడవనివ్వకండి. చక్రాల కుర్చీ తీసుకోండి. పగలంతా పక్కన ఓ మనిషి ఉండాలి" అన్నాడు అమ్మాయితో. అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ తలూపింది.

"కుర్చీ వద్దు" అన్నాను.

"నాన్నా, నువ్వుండు."

"ఉండేదేంటే? కళ్ళూ లేదు, తిరగడమూ లేదు. పడింది నేను! మూడుసార్లూ నేనే. పడుతూ దాని చెయ్యి వదల్లేదు, అందుకని అదీ పడింది. ఇదంతా నన్ను వెనకేసుకురావడానికి అది చెప్పిన అబద్ధం. రాసుకోండి."

బస్సులో చివరి సీటు దాకా వినబడేలా అరిచి అలవాటైన గొంతు. బయట వరండాలో వాళ్ళు కూడా తొంగి చూశారు. మా ఆవిడ కళ్ళు పూర్తిగా తెరిచింది.

"ఊరుకోండి మీరు" అంది. "ఆయనకేం తెలియదండీ. నాకే తిరిగాయి."

"నువ్వూరుకో!"

డాక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. స్టాప్‌వాచీ పిల్ల మా ఆవిణ్ణి పక్క కుర్చీలోకి మార్చి, పరీక్ష కుర్చీని నావైపు తిప్పింది. "బాబాయ్ గారూ, రండి. చేతులు గుండెల మీద కట్టుకోవాలి. దేన్నీ పట్టుకోకూడదు" అంది.

లేవలేకపోయాను. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒకసారి ముందుకు ఊగి, మళ్ళీ వెనక్కి కూలబడ్డాను. ఇంకోసారి. మూడోసారి చేతులు విప్పి మోకాళ్ళ మీద ఆనించి లేచాను. అప్పుడు టేపు చాలా దూరంలో కనబడింది. నడిచాను. నా పక్కన ఆ పిల్ల, ముట్టుకోకుండా, కానీ ఎప్పుడైనా పట్టుకోవడానికి సిద్ధంగా నడుస్తోంది. తర్వాత చేత్తో పిడికిలి బిగించే మిషనిచ్చింది. నొక్కాను. "ఇంకొంచెం గట్టిగా" అంది. అదే గట్టిగా. ఒళ్ళు తగ్గారా అని అడిగింది. బెల్టు చూపించాను. తొందరగా అలిసిపోతున్నారా, రోడ్డు దాటడం కష్టంగా ఉందా. అన్నిటికీ అవును, అవును. తెలిసినవే అడుగుతోంది.

అమ్మాయి గోడకి ఆనుకుని ఏడ్చేసింది. "ఇంట్లోనే ఉన్నాను, చూడనే లేదు" అంటోంది. నేను చూడనిస్తే కదా.

25, మంగళవారం

మాత్రలు ఆపేశారు. మా ఆవిడకి పొద్దున్నే మెలకువ వచ్చింది. వచ్చీ రాగానే దెబ్బలాటకి దిగింది.

"అంతమంది ముందు మీ పరువు మీరే తీసుకున్నారు. నా మీద వేసుకున్నాను కదా, అలాగే ఉండనివ్వచ్చు కదా!"

"నా కోసం చక్రాల కుర్చీలో కూర్చుంటావా?"

"కూర్చుంటే ఏం పోయింది? నేను కూర్చోగలను. మీరు కూర్చోగలరా? కర్ర పట్టుకోమంటేనే కొంప పీకి పందిరేసే మనిషి మీరు!"

"నేను కర్ర పట్టుకోనని ఎవరన్నారు?"

"సరే, పట్టుకోండి చూద్దాం" అని గదిలోకి వెళ్ళిపోయింది.

కర్ర కూడా కాదు, నాలుగు కాళ్ళ స్టాండు ఇచ్చారు. రెండు చేతులతో పట్టుకుని నెట్టుకుంటూ నడవాలి. వంటింటి గుమ్మంలో అడ్డం పడుతుంది. దాని మొహం చూస్తేనే మండుకొస్తోంది. స్టాప్‌వాచీ పిల్ల చెప్పిన కసరత్తు చేశాను. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, కుర్చీలో కూర్చుని లేవడం. ఎత్తు కుర్చీతో మొదలుపెట్టమంది. గుడ్లు, పప్పు బాగా తినమంది. అంతా అయ్యాక పడుకుంటే చీకటి పడేదాకా లేవలేకపోయాను. ఇలా చేస్తే సత్తువ కొంత తిరిగొస్తుందట. అంతా రాదా అని అడిగాను. అంతా అని నేను చెప్పలేను బాబాయ్ గారూ అంది.

28, శుక్రవారం

కసరత్తు. విసుగు. కసరత్తు.

31, సోమవారం

మా ఆవిడ మళ్ళీ పరీక్షకి వెళ్ళింది. మత్తంతా దిగిపోయింది. చేతికి కట్టుతోనే లేచింది, టేపు దాకా వెళ్ళింది, వచ్చింది, కూర్చుంది. స్టాప్‌వాచీ పిల్ల వాచీ చూసి నవ్వింది. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడి, ఇంక చాలా అని అడిగింది. గుండె పరీక్షలు కూడా బాగానే వచ్చాయి. ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఆ చెయ్యి జాగ్రత్త అన్నాడు డాక్టరు.

నేను ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచాను. ఒక్కసారి. రెండోసారి రాలేదు.

1, మంగళవారం

సాయంత్రం మా ఆవిడ చీర మార్చుకుని, పేపరు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"వెళ్ళనా?" అంది.

ఆ స్టాండుతో నేను మెట్లు దిగలేను. ఇంకా దిగకూడదన్నారు కూడా. "వెళ్ళు. నిన్ను ఎవరాపారు?" అన్నాను. కొంచెం కటువుగానే వచ్చింది. నిలబడే ఉంది. "వెళ్ళవే, అవతల చెల్లెలు చూస్తుంటుంది" అన్నాను ఈసారి. వెళ్ళింది.

స్టాండు నెట్టుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి వీధిలో ఆవిడ లేదు. ఏ కొట్లోనైనా ఆగిందేమోనని చూశాను. లేదు. మూలమలుపు దాకా చూశాను, ఎక్కడా లేదు. పడిందేమో, ఎవరైనా మోసుకెళ్ళారేమో అని ఏవేవో ఆలోచనలు. అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కసరత్తు చెయ్యలేదు.

అనుకున్నదానికంటే చాలా ముందే వచ్చేసింది. తలుపు తీసుకుని లోపలికొస్తుంటే ముందు ఆవిడ చేతి కట్టు వంక చూశాను.

"ఏమైంది? సగంలో వెనక్కొచ్చేశావా?"

"ఎందుకొస్తాను? పేపరంతా చదివాను. పెళ్ళిసంబంధాలు రెండుసార్లు చదివించుకుంది. టీ కూడా తాగాం."

"ఇంత తొందరగానా?"

ఆవిడ చెప్పులు విప్పుతూ నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు, నిజంగానే ఆశ్చర్యపోతోంది.

"దాని ఇల్లు ఇంత దగ్గరని ఇన్నాళ్ళూ నాకు తెలియనే తెలియదండీ" అంది.

అని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఏమన్నదో ఆవిడకి తెలియదు. మరదలు ఈ వీధికి వచ్చిన దగ్గర్నుంచీ మా ఆవిడ నా నడకే నడిచింది. ఒక్కరోజు కూడా తొందరగా రమ్మనలేదు.

రేపు కూడా ఒక్కదాన్నే వెళ్ళమని చెప్పాను. సరేనంది. నాకు ఏడుపొచ్చింది.